కట్టని బట్ట

కూడు, గూడు, గుడ్డ అనే మూడూ మానవుని ప్రాథమికావసరాలని పెద్దలు చెబుతూ వచ్చారు. ఈ మూడింటికీ సహజమైన హద్దులు ఉన్నాయి. ఆకలి తీరిన తరువాత ఎంత రుచికరమైన పదార్థమైనా గొంతు దిగదు. ఎన్ని గదుల ఇల్లు కట్టుకొన్నా మనిషి ఏకకాలంలో రెండు గదులలో నిద్రించలేడు. అట్లాగే ఒక దేహం మీద ఒకసారికి ఒక జత బట్టలే నిలుస్తాయి. అయితే అన్నానికీ బట్టకూ ఒక భేదం ఉంది. మిగిలిన అన్నం మరునాటికి పాచిపోయి, తన వాసనతో తానే ఇంటివారిని హెచ్చరిస్తుంది. మిగిలిన బట్ట హెచ్చరించదు. బీరువా తలుపు మూస్తే చాలు, ఎంత మిగులైనా కంటికి కనబడదు. కనబడని మిగులును మిగులని గుర్తించడం కష్టం. అందుకే అన్నం వృథా చేయడానికి సంకోచించే ఇండ్లలో కూడా బట్టల వృథా నిస్సంకోచంగా సాగిపోతున్నది.

నేటి మధ్యతరగతి ఇంటిలో బీరువా తలుపు తెరవడం ఒక సాహసమే. చేయి పెట్టి ఒక చీర లాగితే నాలుగు చీరలు కిందపడతాయి. ఒక చొక్కా కోసం వెదికితే దాని మీదున్న పది చొక్కాల మడతలు చెదిరిపోతాయి. ఇంత సంపద నడుమ నిలబడి ఇంటివారు తరచుగా అనే మాట మాత్రం ఒక్కటే – “కట్టుకోవడానికి ఒక్కటీ లేదు.” ఈ మాటలో అబద్ధం లేదు. ఉన్నవన్నీ ఒకదాని కింద ఒకటి అణగిపోయి ఉండడం వల్ల పైనున్న నాలుగు జతలే మరల మరల బయటికి వస్తాయి. వాటిమీద విసుగు పుట్టగానే అంగడి గుర్తుకు వస్తుంది. కొన్న కొత్తవి పైకి చేరి, పాతవాటిని మరికొంత లోపలికి నెడతాయి. ఈ విధంగా కొనే కొద్దీ కొరత పెరుగుతుంది.

బీరువా అడుగున ఉన్న బట్టల చరిత్రను విచారిస్తే ఆసక్తికరమైన సంగతులు తెలుస్తాయి. కొన్ని ఆషాఢమాసపు తగ్గింపు ధరలకు ఆశపడి కొన్నవి. కొన్ని సన్నబడిన తరువాత తొడుక్కోవచ్చునని దాచినవి. కొన్ని పెళ్ళిలో ఒక్క పూట కట్టి, ఇంత ఖరీదైనదాన్ని మామూలు రోజులలో కడితే నలిగిపోతుందని భద్రపరచినవి. మరికొన్ని గృహప్రవేశాలలో, సీమంతాలలో, వ్రతాలలో బంధువులు పెట్టిన చీరలు. అంగళ్ళలో వీటికోసం “పెట్టుబడి చీరలు” అని ప్రత్యేకంగా ఒక వరుసే ఉంటుంది. పెట్టేవారికీ అది కట్టుకొనే చీర కాదని తెలుసు, పుచ్చుకొనేవారికీ తెలుసు. మడత విప్పకుండానే అది మరొక ఇంటి శుభకార్యానికి తరలిపోతుంది. తాంబూలంలో ఇచ్చే జాకెట్టు ముక్క సంగతి చెప్పనే అక్కరలేదు. కుట్టించుకొనేవారు ఒక్కరూ లేకుండానే అది ఊరంతా తిరిగి, కొన్ని సందర్భాలలో మొదట ఇచ్చిన ఇంటికే చేరుతుంది. ఆదరాన్ని తెలుపవలసిన ఆచారం కేవలం సరుకుల రవాణాగా మారడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఒకటి రెండు తరాల వెనుక పరిస్థితి వేరుగా ఉండేది. సామాన్యుల ఇండ్లలో బీరువాలు అరుదు. నిత్యం కట్టే బట్టలకు ఒక దండెం, పండుగ బట్టలకు ఒక ట్రంకు పెట్టె ఉంటే చాలు. సంక్రాంతికో, ఉగాదికో, దసరాకో ఏడాదికి ఒకటి రెండుసార్లు కొత్తబట్టలు వచ్చేవి. కొత్తబట్ట మూలకు పసుపు అద్దిన తరువాతనే దానిని ధరించేవారు. పిల్లల బట్టలు కుట్టించేటప్పుడు తల్లి దర్జీ దగ్గర నిలబడి, ఎదిగే వయసు కనుక కింద మడత ఎక్కువ వదలమని మరీ మరీ చెప్పేది. ఏటేటా ఆ మడతను కొంచెం కొంచెం విప్పుతూ ఉంటే, ఒకే పరికిణీ ఆడపిల్లతోపాటు పొడవు పెరిగేది. అన్నకు పొట్టి అయిన చొక్కా తమ్మునికి, అక్కకు బిగువైన జాకెట్టు చెల్లెలికి చేరేవి.

బట్ట చిరిగినంత మాత్రాన దాని పని ముగిసేది కాదు. తల్లి కట్టి మెత్తబడిన నూలుచీర పుట్టిన బిడ్డకు పక్క అయ్యేది. దూలానికి కడితే ఉయ్యాల అయ్యేది. ఆ తరువాత మరికొన్ని పాత చీరలతో కలిసి పొరలు పొరలుగా బొంత అయ్యేది. బొంత చినిగితే మంచి భాగం మసిగుడ్డగా పొయ్యి దగ్గరకు, మిగిలినది అలుకుగుడ్డగా వాకిటికి చేరేది. పేడనీళ్ళలో నాని, నేలను అలికి అలికి, చివరకు ఆ మట్టిలోనే కలిసిపోయేది. చీర మగ్గం దిగిన నాటి నుంచి మట్టిలో కలిసేనాటి వరకు దానికి పని లేని రోజు ఒక్కటి కూడా ఉండేది కాదు.

ఈ పద్ధతి కేవలం పేదరికం నేర్పినది కాదనడానికి బౌద్ధవాఙ్మయంలో ఒక చక్కని ఉదంతం ఉన్నది. కౌశాంబి రాజైన ఉదయనుని అంతఃపుర స్త్రీలు బుద్ధుని ప్రియశిష్యుడైన ఆనందునికి ఐదువందల వస్త్రాలు దానం చేశారు. ఆ సంగతి విన్న రాజుకు సందేహం కలిగింది. ఒక సన్న్యాసి ఇన్ని వస్త్రాలు ఏం చేసుకొంటాడు? బట్టల వ్యాపారం పెట్టదలచాడా? రాజు స్వయంగా వెళ్ళి ఆనందుని అడిగాడు. చీవరాలు చినిగిపోయిన భిక్షువులకు వాటిని పంచుతానని ఆనందుడు సమాధానం చెప్పాడు. మరి వారి పాత చీవరాలు ఏమవుతాయని రాజు ప్రశ్నించాడు. పడకల మీద పరచుకొంటామన్నాడు ఆనందుడు. ఆ పాత దుప్పట్లు పరుపుల గలీబులు అవుతాయి. పాత గలీబులు నేల మీద పరపులు అవుతాయి. అవి పాతబడితే కాళ్ళు తుడుచుకొనే గుడ్డలు అవుతాయి. అవి కూడా చినిగితే దుమ్ము తుడిచే పీలికలు అవుతాయి. చివరకు ఆ పీలికలను ముక్కలు చేసి, మట్టిలో కలిపి మెత్తి, నేలకు పూత పూస్తామని అతడు వివరించాడు. రాజు సంతృప్తి చెంది మరొక ఐదువందల వస్త్రాలు సమర్పించాడని వినయపిటకం చెబుతున్నది. దాతకు ఆనందం కలిగించినది వస్త్రాల సంఖ్య కాదు. ఒక్కటి కూడా వృథా కాదన్న నమ్మకం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గతాన్ని తలచుకొనేటప్పుడు దానిలోని బాధను మరువరాదు. రెండు జతలతో ఏడాది గడపడం అందరికీ ఇష్టపూర్వకమైన నియమం కాదు. చాలామందికి అది లేమి. అంతేకాదు, మంచిబట్ట కట్టడమే నేరమైన జనసమూహాలు ఈ దేశంలో ఉండేవి. ఫలానా కులంవారు ఫలానా విధంగానే బట్ట కట్టాలని శాసించిన సమాజమిది. 1927 డిసెంబరులో మహాడ్‌లో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ దళిత స్త్రీలనుద్దేశించి ప్రసంగిస్తూ, తమను తక్కువవారిగా గుర్తుపట్టించే కట్టును విడిచి, ఇతర స్త్రీల వలె చీర కట్టుకోవలసిందిగా ఉద్బోధించాడు. శుభ్రమైన మంచి దుస్తులు అక్కడ ఆడంబరం కాదు, ఆత్మగౌరవ ప్రకటన. కాబట్టి పొదుపును గురించిన ఉపదేశం తొలిసారిగా మంచిబట్ట కొనుక్కొంటున్నవారికి చేయవలసినది కాదు. బీరువా తలుపు మూతపడనివారికి చేయవలసినది.

తలుపు మూతపడని స్థితి ఏ విధంగా వచ్చింది? బట్ట చవక కావడం మొదటి కారణం. యంత్రాల మీద వేగంగా తయారయ్యే పాలియెస్టరు వస్త్రం నూలు వస్త్రం కన్న తక్కువ ధరకు దొరకడం రెండవది. దర్జీకి కొలతలిచ్చి వారాల తరబడి నిరీక్షించే అవసరాన్ని రెడీమేడ్ దుస్తులు తొలగించాయి. ఇంట్లో కూర్చొని చరవాణి మీద వేలు ఆనిస్తే మూడవనాటికి పొట్లం గుమ్మంలోకి వస్తున్నది. ఒకసారి ఫోటోలో కనిపించిన దుస్తులు మరొక ఫోటోలో కనిపించరాదన్న నియమాన్ని యువతరం తనకు తానే విధించుకొన్నది. కళాశాలలో జరిగే ఒక్కొక్క వేడుకకు ఒక్కొక్క కొత్త జత కావాలని పట్టుబట్టే పిల్లలు, వాయిదాల మీద ఆ ముచ్చట తీర్చే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. “అప్పు చేసి పప్పు కూడు” అన్న సామెత ఈనాడు పప్పుకూటికన్న పట్టుచీరకే ఎక్కువ వర్తిస్తుంది.

ఈ ధోరణి ఒక్క ఇంటికో, ఒక్క దేశానికో పరిమితమైనది కాదు. బ్రిటన్‌కు చెందిన ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో ప్రకటించిన నివేదిక ప్రకారం, అంతకు ముందు పదిహేనేండ్లలో ప్రపంచంలో దుస్తుల ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. అదేకాలంలో ఒక్కొక్క దుస్తును పారవేసేలోపు ధరించే పర్యాయాల సంఖ్య 36 శాతం తగ్గింది. తయారీకి వాడిన పదార్థంలో తిరిగి కొత్త దుస్తులుగా రూపొందుతున్నది ఒక శాతం కన్న తక్కువ. అంటే ప్రపంచం కొంటున్నది ఎక్కువ, కడుతున్నది తక్కువ, తిరిగి వాడుకొంటున్నది దాదాపు శూన్యం.

ఒక బట్ట వెలను దాని చీటీ మీద అచ్చయిన రూపాయలతో లెక్కించడం పొరపాటు. ఒక నూలు టీషర్టు తయారుకావడానికి, పత్తి చేనుకు పెట్టే నీటితో సహా, దాదాపు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. రోజుకు మూడు లీటర్ల చొప్పున తాగితే ఒక మనిషికి అది రెండున్నర ఏండ్ల తాగునీరు. పత్తి పండే నేల తెలుగువారికి దూరం కాదు. ఆదిలాబాదు, వరంగల్లు, నల్లగొండ, గుంటూరు, కర్నూలు ప్రాంతాలలోని నల్లరేగళ్ళలో పత్తి ఎంత శ్రమకు, ఎంత అప్పుకు పండుతుందో పల్లె తెలిసినవారికి తెలుసు. 1997–98లో పంట పురుగుపాలై, అప్పులు తీర్చే దారి లేక వరంగల్లు జిల్లాలో ఎందరో పత్తిరైతులు ప్రాణాలు తీసుకొన్నారు. పురుగును చంపలేని మందే వారి ప్రాణాలు తీసింది.

కుట్టేవారి కథ కూడా తక్కువ విషాదకరమైనది కాదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపంలోని సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. అందులోని దుస్తుల కర్మాగారాలలో పనిచేస్తున్న 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అధికసంఖ్యాకులు యువతులు. ముందురోజే గోడలలో పగుళ్ళు కనిపించాయి. అయినా కార్మికులను మరునాడు పనిలోకి పిలిచారు. సముద్రాల ఆవల ఉన్న అంగళ్ళకు చవకబట్టలు సకాలంలో చేరవలసి ఉండడమే ఆ తొందరకు మూలం. ఇంత నీరు తాగి, ఇందరి శ్రమను, కొందరి ప్రాణాలను బలిగొని తయారయిన బట్ట ఒక్కసారి కూడా ఒంటిమీదికి రాకుండా బీరువా అడుగున మడతలలో మాసిపోవడం న్యాయమా?

ఈ ప్రశ్న కలిగినవారు సాధారణంగా చేసే పని బీరువాను ఖాళీ చేయడం. జపాన్‌కు చెందిన మరీ కొండో ఇల్లు సర్దుకోవడాన్ని గురించి రచించిన పుస్తకం 2014లో ఆంగ్లంలోకి అనువాదమయిన తరువాత ఈ ఖాళీ చేసే పద్ధతికి లోకమంతటా ప్రచారం వచ్చింది. సర్దుకోవడం మంచిదే. అయితే దానిని పారవేయడంతో సమానం చేసుకొన్నవారు ఎందరో ఉన్నారు. మూటలు కట్టి బయట పెట్టిన నాటి సాయంకాలం మనసు తేలికపడుతుంది. ఖాళీ అయిన అరలు మరునెలనే కొత్తబట్టలను ఆహ్వానిస్తాయి. మనిషి మారకుండా బీరువా మారితే ప్రయోజనం ఏమిటి?

పారవేసిన బట్ట ఎక్కడికి పోతుందో విచారించేవారు అరుదు. సంపన్నదేశాలలో వద్దనుకొన్న దుస్తులలో కొంత భాగం ఆఫ్రికాకు, ఆసియాకు, దక్షిణ అమెరికాకు ఎగుమతి అవుతుంది. ఘనా దేశంలో ఆ పాతబట్టలకు ఒక పేరుంది. దాని అర్థం “చనిపోయిన తెల్లవాడి బట్టలు.” ఇంత మంచిబట్టలను బ్రతికున్నవాడు ఎవడూ వదులుకోడని అక్కడి సామాన్యులు మొదట భావించారట! చిలీ దేశంలోని అటకామా ఎడారిలో అమ్ముడుపోని దుస్తులు గుట్టలుగా పడివున్న దృశ్యాలను 2021లో లోకమంతా చూసింది. భారతదేశంలోని పానిపట్టు పట్టణానికి ప్రపంచం నలుమూలల నుంచి పాతబట్టలు వస్తాయి. వాటిని చించి, దారం తీసి, ముతక కంబళ్ళు నేస్తారు. ఆ పని చేసేవారి ఊపిరితిత్తులలోకి చేరే దుమ్ము మాత్రం లెక్కల పుస్తకాలలోకి ఎక్కదు.

దానం అనే పేరుతో కూడా ఈ పారవేత సాగుతుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచి పాతబట్టలు లారీల మీద చేరాయి. వాటిలో చాలాభాగం అక్కడి మత్స్యకారులు ధరించడానికి వీలుకానివి. చినిగినవి, మాసినవి, వారి అలవాటుకు పొసగనివి రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. సర్వం కోల్పోయినవాడికి కూడా అభిరుచి ఉంటుందని, మానం ఉంటుందని దాతలు మరచిపోయారు. పాతబట్టలనే ఆధారంగా చేసుకొని 1999లో అంశు గుప్తా స్థాపించిన ‘గూంజ్’ సంస్థ ఈ దృక్పథాన్ని మార్చడానికి ప్రయత్నించింది. వచ్చిన బట్టలను వేరు చేసి, బాగు చేసి, గ్రామస్థులు తమ ఊరికోసం చేసుకొన్న పనికి ప్రతిఫలంగా వాటిని అందజేసింది. బట్టను బిచ్చంగా కాక గౌరవంగా ఇచ్చే ఈ మార్గానికి గుర్తింపుగా 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఇచ్చే బట్ట ఏదైనా, దానిని తన తోబుట్టువుకు ఇవ్వగలనా అని ప్రశ్నించుకొని ఇచ్చినప్పుడే అది దానమవుతుంది.

కాబట్టి బీరువాను చక్కదిద్దడమంటే ముందుగా ఉన్నది తెలుసుకోవడం, తరువాత ఉన్నది కట్టుకోవడం. ఒక సెలవునాడు బీరువాలోని బట్టలన్నిటినీ మంచం మీదికి దించాలి. ఒక్కొక్క అర చొప్పున కాక అన్నిటినీ ఒకేసారి దించడం అవసరం. ఒకే రంగు చొక్కాలు అయిదున్నాయని, ఒకే అంచు చీరలు మూడున్నాయని అప్పుడే తెలుస్తుంది. తరువాత వాటిని నాలుగు భాగాలు చేయాలి. కట్టుకొంటున్నవి మొదటి భాగం. గుండీ ఊడినవి, కుట్టు విడినవి, బిగువయినవి, అనగా కొద్దిపాటి మరమ్మతుతో పనికివచ్చేవి రెండవది. తమకు పనికిరాకపోయినా మరొకరికి గౌరవంగా ఇవ్వదగినవి మూడవది. జీర్ణించినవి నాలుగవది. చాలా ఇండ్లలో పెరిగిపోయేది రెండవ భాగమే. ఒక గుండీకోసం ఏండ్ల తరబడి మూలపడిన చొక్కాలు అక్కడ బయటపడతాయి.

నిర్ణయానికి రాలేని బట్టలకు ఒక ఏడాది గడువు ఇవ్వడం మేలు. వాటిని అరలో ఎడమవైపున పేర్చి, ఒకసారి ధరించిన ప్రతి బట్టనూ ఉతికిన తరువాత కుడివైపున పెట్టాలి. వేసవి, వాన, చలికాలాలు, పండుగలు, పెండ్లిండ్లు అన్నీ ఒక చుట్టు తిరిగివచ్చినా ఎడమవైపునే నిలిచిపోయిన బట్ట ఆ ఇంటికి అవసరం లేనిదని నిస్సందేహంగా తెలిసిపోతుంది. ఈ ఏడాదిలో పండుగ బట్ట తప్ప కొత్తది కొనకుండా ఉండగలిగితే, ఎడమవైపు బట్టలు తమంతట తామే కుడివైపుకు జరగడం కూడా కనిపిస్తుంది. కొనే దారి మూసినప్పుడే కట్టే దారి తెరచుకొంటుంది.

ఉన్న బట్ట నిలవాలంటే సంరక్షణ కావాలి. పట్టుచీరను ఏండ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే జరీ ఆ మడత వెంబడి తెగిపోతుంది. మూడు నాలుగు నెలలకు ఒకసారి విప్పి, నీడన గాలికి ఆరవేసి, మడత మార్చి, పలుచని నూలుగుడ్డలో చుట్టిపెట్టాలి. కలరా ఉండలు పట్టుకు నేరుగా తగలరాదు. గంజి పెట్టిన నూలుచీరను చాలాకాలం దాచితే పురుగు పడుతుంది. దాచదలచినదాన్ని గంజి లేకుండా ఉతికి దాచాలి. రంగుబట్టలను తిరగవేసి నీడన ఆరవేస్తే వెలిసిపోవు. చిన్న చిరుగును వెంటనే కుడితే అది పెద్దది కాదు. వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకొని కూర్చొన్న దర్జీ, కనబడకుండా పోగులల్లి రఫూ చేసే నిపుణుడు, మాసిక వేసే ముసలితల్లి – వీరి చేతిలోని విద్య బట్టకు రెండవ జీవితం ప్రసాదిస్తుంది. అమ్ముడుపోని బట్టలను ధ్వంసం చేయరాదని ఫ్రాన్సు దేశం 2020లో చట్టం చేసింది. బట్టలు బాగుచేయించుకొనేవారికి ఖర్చులో కొంత తగ్గింపునిచ్చే పద్ధతిని 2023లో ప్రవేశపెట్టింది. సంపన్నదేశం డబ్బిచ్చి ప్రోత్సహిస్తున్న ఆ విద్య తెలుగునాట ఇంకా వీధి మలుపులో సజీవంగా ఉన్నది. దానిని ఆదరించకపోతే అది కూడా కనుమరుగవుతుంది.

ఈ వాదానికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. అందరూ ఉన్న బట్టలే కట్టుకొంటే నేతగాని గతి ఏమిటి? అసలే మగ్గాలు మూలపడి, వలసలు పోయి, ఆత్మహత్యల పాలయిన నేతన్నల మీద ఇది మరొక దెబ్బ కాదా? ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. అయితే బీరువాలను నింపుతున్న బట్టలను పరిశీలిస్తే సమాధానం అక్కడే దొరుకుతుంది. అవి చాలావరకు మగ్గం మీద నేసినవి కావు. నేతగాని అన్నం తీసినది పొదుపరి కాదు, చవకబట్టల వెల్లువ. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నేసేవారు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, చేతితో వడికి, సన్నని నూలు తీస్తారు. పోచంపల్లిలో నేతకు ముందే నూలుపోగులను లెక్కకట్టి, ముడులు వేసి, రంగులలో ముంచుతారు. గద్వాలలో నూలుచీరకు పట్టు అంచును, పట్టు కొంగును పోగు పోగుకూ ముడివేసి కలుపుతారు. ఇన్ని చేతులు తిరిగిన బట్టకు చవకధర సాధ్యం కాదు, న్యాయమూ కాదు. పది చవకచీరలకు పెట్టే సొమ్ముతో రెండు నేతచీరలు కొని, వాటిని పదేండ్లు కట్టేవారే నేతగానికి నిజమైన ఆప్తులు. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకోవడం 2015లో మొదలయింది. ఆ ఒక్కనాడు నేతచీర కట్టి మరునాడు మడిచి దాచడం వల్ల మగ్గం ఆడదు.

వెలను కూడా సరియైన పద్ధతిలో లెక్కించాలి. మూడువేల రూపాయల చీరను మూడుసార్లు కట్టి దాచితే ఒక్కొక్కసారికి వెయ్యి రూపాయలు ఖర్చయినట్లు. పన్నెండువందల రూపాయల నూలుచీరను వందసార్లు కడితే ఒక్కొక్కసారికి పన్నెండు రూపాయలు. ఈ లెక్కలో ఖరీదైనది ఏదో, చవకైనది ఏదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. తగ్గింపు ధర చూసి కొని కట్టని బట్ట ఎంత చవకగా వచ్చినా దండుగే.

ఇక మిగిలినది సిగ్గు. నలుగురిలోకి కట్టిన బట్టే మరల కట్టి వెళితే ఏమనుకొంటారోనన్న భయం. “కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్న సామెత మానవస్వభావంలోని ఒక బలహీనతను తెలుపుతున్నదే కాని, దానిని ఆదర్శంగా ప్రతిపాదించడం లేదు. అదే తెలుగునాట, చిరిగిన చొక్కా తొడుక్కొనైనా మంచి పుస్తకం కొనుక్కోవాలన్న హితవు కూడా ప్రచారంలో ఉన్నది. 1921 సెప్టెంబరు 22న మదురైలో మహాత్మాగాంధీ టోపీని, అంగీని విడిచి కొల్లాయి కట్టాడు. ఒంటినిండా ఖద్దరు కొనుక్కోగల స్తోమత కోట్లాది ప్రజలకు లేదని గ్రహించి ఆయన తీసుకొన్న నిర్ణయమది. ఆ తరువాత లండనులో చక్రవర్తిని కలిసినప్పుడు కూడా ఆ వేషం మార్చలేదు. ఆయన గౌరవానికి లోటు రాలేదు. అందరూ అంతటి త్యాగం చేయనక్కరలేదు. స్నేహితుల పెండ్లికి నిరుటి చొక్కానే చలువచేసి తొడుక్కొని వెళ్ళగలిగితే చాలు. నిజానికి ఎదుటివారు గుర్తుపెట్టుకొనేది మాటతీరును, నడతను. చొక్కా రంగును కాదు. వారికి కూడా తమ చొక్కాను గురించిన దిగులే ఉంటుంది.

అమ్మ పెండ్లిచీరను కూతురు తన చదువుల పండుగనాడు కట్టుకొంటే, తాత కోటును మనుమడు కొలత తగ్గించి తొడుక్కొంటే, అందులో ఏ అంగడిలోనూ దొరకని విలువ ఉంటుంది. ఆ చీర మీద పడిన చిన్న మరకకు, ఆ కోటు మోచేతి మాసికకు కూడా ఒక కథ ఉంటుంది. చెప్పడానికి మనిషి, వినడానికి మనిషి ఉన్నంతకాలం ఆ బట్ట పాతబడదు. చీటీ కూడా తొలగించకుండా దాచిన బట్టకు చెప్పుకోదగిన కథ ఒక్కటీ ఉండదు.

నిండిన బీరువా సంపదకు గుర్తు కాదు. రైతు చెమట, నేతగాని చూపు, కుట్టేవారి వేళ్ళు కలిసి చేసిన పనికి ఫలం ఆ బట్ట ఒక దేహాన్ని కప్పినప్పుడే దక్కుతుంది. డబ్బిచ్చి కొన్నంతమాత్రాన బట్ట సొంతం కాదు; కట్టిన బట్టే సొంతబట్ట. కొత్త బట్టకోసం అంగడి మెట్లెక్కబోయే ముందు ఇంట్లోని బీరువా తలుపు ఒక్కసారి పూర్తిగా తెరిచి చూడడం విజ్ఞుల లక్షణం.